ఒక్క బ్లాకు తేడా

పోయిన వారం క్వేతాని లిపోవా వెళ్ళే బస్సెక్కించి అక్కడే వదిలేశాం. పాపం, వారం నుంచీ ఆ కిటికీ పక్క సీట్లోనే ఉంది, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని, పళ్ళు నూరుకుంటూ. ఇవాళ దింపుదాం.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. బ్రనోలో పాత సినిమాలు దాచే భాండాగారం ఒకటి ఉంది. అక్కడి డిస్కుల మీద ఏ ఫైలు ఎక్కడుంది, ఇంకా ఎంత చోటు మిగిలింది అని లెక్క చూసుకునే ఫైల్ సిస్టమ్ పేరు స్పీజ్. వంటసామాన్లు దాచుకునే గదిని అక్కడ అలా అంటారు. పద్ధెనిమిదేళ్ళ కిందట దాన్ని ఒంటిచేత్తో రాసినవాడు ఒటాకర్ హనాక్. ఇప్పటికి నలభై మంది దాని మీద పనిచేస్తున్నారు కానీ, ఎవరు ఏ ప్యాచ్, అంటే ఏ చిన్న సవరణ, రాసినా ఆయన ఊ అంటేనే అది లోపలికి వెళ్తుంది. పద్ధెనిమిది రోజుల కిందట ఆ స్పీజ్, డిస్కు నిండిపోయింది, ఇక చోటు లేదు పొమ్మంది. చూస్తే మూడో వంతు ఖాళీగా పడి ఉంది.

తప్పు ఎవరిది అంటే, అందరి వేళ్ళూ క్వేతా బెలినోవా వైపే తిరిగాయి. ఏప్రిల్లో ఆ లెక్కల ఫైలులో మార్పు చేసింది ఆమె. డిస్కు మీద చోటుని బ్లాకుల్లో లెక్కేస్తారు. అంతకుముందు పదకొండేళ్ళు ఒక్క బ్లాకు తేడా రాలేదు, ఈవిడ చెయ్యి పెట్టింది, వచ్చింది. మెయిలింగ్ లిస్టులో ఆమెని ఉతికి ఆరేశారు. చివరికి శుక్రవారం ఒటాకర్ రెండే వాక్యాలు రాశాడు: ‘ఏప్రిల్ మార్పుని తీసేద్దాం. సోమవారం రాత్రికి నేనే తీసేస్తాను.’ భాండాగారం పెద్ద బ్లాజెనా ఆపాటి ఓపిక కూడా లేదంది. సోమవారం మధ్యాహ్నం మూడింటిలోగా లెక్క తేలకపోతే స్పీజ్‌ని పీకేసి వేరేది పెట్టుకుంటానని కబురు పెట్టింది.

ఇవాళ సోమవారం. క్వేతా బస్సు దిగేసరికి పన్నెండున్నర. ఆమె ల్యాప్‌టాప్‌లో ఒక ప్యాచ్ ఉంది, పదిహేడు వరసలది. అసలు తప్పుని సరిచేసే ప్యాచ్. ఆ తప్పు ఆమెది కాదు. ఎవరిదో తెలిసే బస్సెక్కింది.

ఒటాకర్ ఫోను ఎత్తడు, ఎందుకంటే ఇవాళ ఆయన బట్టీ దగ్గరున్నాడు. బట్టీ అనగానే పోలీసులూ పరుగులూ అనుకోకండి. అక్టోబరులో ఆ ఊళ్ళలో ఎవరి తోటలో ప్లమ్ పళ్ళు వాళ్ళు పీపాల్లో పులియబెట్టి, ఊరి బట్టీలో పేరు రాయించుకుని, తమ వంతు రోజున దర్జాగా వచ్చి సారా కాయించుకుంటారు. పీపా పెట్టినవాడు పొయ్యి దగ్గర నుంచి కదలకూడదు. కట్టెలు కూడా వాడే వెయ్యాలి. పెళ్ళి ముహూర్తమైనా వాయిదా పడుతుందేమో కానీ బట్టీ వంతు పడదు.

గుమ్మంలోనే వెండెలీన్ అడ్డం నిలబడ్డాడు. బట్టీ నడిపేది అతనే, బానల కింద నిప్పు ఉన్నంతసేపు ఊరు దాటకూడదు. చెవి వెనక పెన్సిలూ, చంకలో వంతుల పుస్తకమూ.

“పేరు రాయించుకున్నావా?”

“నేను సారా కోసం రాలేదండీ.”

“ఇక్కడికొచ్చిన ప్రతివాళ్ళూ ముందు ఆ మాటే అంటారు.”

“హనాక్ గారితో పనుంది.”

“ఆయనతోనా? ఉదయం నుంచీ నాకు కట్టెలు ఎలా పేర్చాలో నేర్పుతున్నాడు. ముప్ఫయ్యేళ్ళుగా పేరుస్తున్నాను నేను. తీసుకుపో తల్లీ, పుణ్యముంటుంది.”

లోపల రాగి బానలు రెండు, కింద పొయ్యి, గదంతా పులిసిన ప్లమ్ వాసన. ఒటాకర్ ఏప్రన్ కట్టుకుని చిన్న బల్ల మీద కూర్చున్నాడు. మోకాలి ఆపరేషన్ అయిన కాలు ముందుకి చాపుకుని, రొట్టె మీద పందికొవ్వు రాసి ఉల్లిపాయ ముక్కలు పేర్చుకుంటున్నాడు. ఆమెని చూసి ఆశ్చర్యపోలేదు. ఉల్లిపాయ కోయడం కూడా ఆపలేదు.

“బెలినోవా గారు. ఇక్కడ సిగ్నల్ రాదని తెలిసే ఇక్కడికొచ్చాను నేను.”

“నాకూ తెలుసండీ. అందుకే బస్సులో వచ్చాను.”

తొమ్మిదేళ్ళుగా కలిసి పనిచేస్తున్నారు ఇద్దరూ. ఈ తొమ్మిదేళ్ళలో ఆయన ఆమెని మీరు అనే అన్నాడు, ఆమె ఆయన్ని మీరు అనే అంది. అక్కడి రివాజు అది. మీరు నుంచి నువ్వుకి దిగాలంటే పెద్దవాళ్ళు గ్లాసు ఎత్తి పిలవాలి. మిగతా అందరికీ ఆ గ్లాసు ఎప్పుడో అందింది, నిన్నగాక మొన్న చేరినవాళ్ళతో సహా. క్వేతాకే అందలేదు. అడిగి తీసుకునేది కాదు కాబట్టి ఆమె అడగలేదు, కానీ లోపల ఒక మూల అది ముల్లులా గుచ్చుకుంటూనే ఉండేది.

“ఏప్రిల్ మార్పు తీసెయ్యకండి,” అంది, కూర్చోకుండానే.

“తీసేస్తే అంకెలు సరిపోతాయి. నేను చూశాను.”

“సరిపోతాయి. నిజం కావు.”

ఒటాకర్ రొట్టె పక్కన పెట్టాడు. “పదకొండేళ్ళు, బెలినోవా గారు. పదకొండేళ్ళు సరిపోయిన అంకెల్ని మీరు నిజం కాదంటున్నారు.”

“అంటున్నాను.”

వెండెలీన్ ఇలాంటివంటే చెవి కోసుకుంటాడు. బానకి పెట్టిన వేడిమీటరు చూసే నెపంతో దగ్గరికి జరిగాడు. “ఏంటి గొడవ? నాకూ అర్థమయ్యేలా కొట్టుకోండి.”

క్వేతా అతని చంకలో పుస్తకం చూసింది. “వెండెలీన్ గారూ, మీ పుస్తకంలో ఒకాయన నాలుగు గంటల వంతు రాయించుకున్నాడనుకోండి. రెండు గంటలు కాచాక ఆయన పీపా పగిలింది, ఇంటికి పోయాడు. మిగిలిన రెండు గంటలు ఎవరివి?”

“ఎవరివేంటి. పేరు కొట్టేసి ఇంకోణ్ణి పిలుస్తాను.”

“కొట్టెయ్యడం మర్చిపోతే?”

“బట్టీ ఖాళీగా ఉంటుంది, బయట జనం పీపాలతో నిలబడి నన్ను బూతులు తిడతారు.”

“అదీ సంగతి. మా స్పీజ్ కూడా ఏదైనా రాసే ముందు చోటు ఆపి పెడుతుంది. భాండాగారంలో పాత రీళ్ళు. స్కాన్ చేస్తుంటే రోజుకి వందసార్లు తెగుతాయి. తెగిన ప్రతిసారీ రాయడం మధ్యలో ఆగిపోతుంది, ఆపి పెట్టిన మిగతా చోటు వదలాలి. వదలట్లేదు. ఒక్క దారిలో, ఒకే ఒక్క దారిలో, ఆ పేరు కొట్టెయ్యడం మర్చిపోయారు.”

“ఎవరు మర్చిపోయారు?” అన్నాడు వెండెలీన్.

క్వేతా ఆ ప్రశ్న దాటేసింది. “ఇంకోటి వినండి. మీరు రోజూ సాయంత్రం పుస్తకం మూసేటప్పుడు, ఎందుకో ఏమిటో చెప్పకుండా, ఇంకో రెండు గంటల వంతు కొట్టేస్తారనుకోండి.”

“ఎవరి వంతు?”

“ఎవరిదో ఒకరిది. మొత్తం సరిపోవాలి కదా.”

వెండెలీన్ పెన్సిలుతో తల గోక్కున్నాడు. “మొత్తం సరిపోతుంది. కానీ అమ్మా, ఆ కొట్టేసినవాడు మర్నాడు నిజంగా పీపా దొర్లించుకుంటూ వస్తే? వాడి బానలో ఇంకోడి సరుకు ఉంటుంది. తలకాయలు పగులుతాయి ఇక్కడ.”

“ఆ రెండోదాన్ని నేను ఏప్రిల్లో చూశాను. ఒకే చోటుని రెండుసార్లు వదులుతోంది, తప్పు అని తీసేశాను. తీసేశాక మొదటి తప్పు బయటపడింది. రెండు తప్పులు ఒకదాన్నొకటి మోసుకుంటూ పదకొండేళ్ళు బతికాయి. ఒకదాన్ని చంపినందుకు నన్ను పట్టుకుని కొడుతున్నారు.”

పొయ్యిలో కట్టె ఒకటి విరిగి పడింది. ఒటాకర్ ఇంకో కట్టె లోపలికి తోశాడు. ఆయన మొహం పొయ్యి సెగకి ఎర్రబడిందో, కోపానికో క్వేతాకి తెలియలేదు.

“పదకొండేళ్ళలో ఒక్కరి ఫైలు చెడిపోలేదు,” అన్నాడు చివరికి.

“మీ అదృష్టం. డిస్కు నిండా నిండేలోపు అందరూ కొత్త డిస్కు కొనుక్కున్నారు. నిజంగా నిండి ఉంటే ఒకే చోటుని ఇద్దరికి రాసిచ్చేది మీ స్పీజ్.”

“నా లెక్కని అదృష్టం అనకండి.”

“మరేమనాలండీ?”

క్వేతాకి కూడా అప్పుడే తెలిసింది తన గొంతు వణుకుతోందని. వణకనీ అనుకుంది. పద్ధెనిమిది రోజులు, ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఏడు దేశాల నుంచి రాసిన ఉత్తరాల్లో తన పేరు పక్కన ‘అజాగ్రత్త’ అనే మాట చూసి, నోరు మూసుకుని వెతికింది. ఇవాళ నోరు మూసుకునే రోజు కాదు.

ల్యాప్‌టాప్ తెరిచి ఆయన బల్ల మీద, రొట్టె పక్కన పెట్టింది. పదిహేడు వరసలు. కింద, అక్కడి పద్ధతి ప్రకారం, మూడు చిన్న వరసలు. రాసినవారు ఎవరు, సరిచూసినవారు ఎవరు, మూడోది ‘ఫిక్సెస్’ అనే వరస. తప్పు ఏ మార్పుతో మొదలైందో ఆ మార్పు గుర్తుని, పన్నెండు అక్షరాల గుర్తుని, అక్కడ రాయాలి. రాశాక అది చెరగదు. స్పీజ్ ఉన్నన్నాళ్ళూ ఎవరు నొక్కినా ఆ గుర్తు వెనక మనిషి పేరు వస్తుంది. ఆ వరస పెట్టించింది ఒటాకరే. తప్పు చేసినవాడి పేరు కనపడకపోతే తప్పు మళ్ళీ వస్తుందని పద్ధెనిమిదేళ్ళుగా అందరికీ పాఠం చెప్పిందీ ఆయనే.

ఆ వరసలో గుర్తు ఆయనది. ఆ మార్పు గురించే ఆయన సభల్లో మాట్లాడాడు, ఆ మార్పు వల్లే స్పీజ్‌ని జనం నమ్మారు.

ఒటాకర్ కళ్ళజోడు సర్దుకుని చదివాడు. ఒకసారి కాదు, మూడుసార్లు.

“ఆ వరస తీసేసి పంపండి,” అన్నాడు మెల్లగా. “ప్యాచ్ బాగుంది. ఇప్పుడే చేర్చేస్తాను. మీ ఏప్రిల్ మార్పూ ఉంటుంది, అందరికీ నేనే చెప్తాను మీ తప్పు లేదని. ఆ ఒక్క వరసా తీసెయ్యండి.”

చూశారా మరి. పద్ధెనిమిది రోజులుగా ఆమె కోరుకున్నదంతా పళ్ళెంలో పెట్టి ఇస్తున్నాడు మనిషి. గంట ఇంకా ఒకటి కాలేదు. ఇక్కణ్ణుంచి పంపేస్తే బ్లాజెనాకి రెండింటికల్లా అందుతుంది. అరవై రెండేళ్ళ మనిషి, డిసెంబరులో పని చాలించుకుని ఈ ఊళ్ళోనే తోట చూసుకుంటానంటున్న మనిషి, ఒక్క వరస అడుగుతున్నాడు. మీరూ నేనూ అయితే తీసేద్దుమేమో.

“తియ్యను,” అంది క్వేతా. “నాకు ఇదంతా నేర్పింది మీరు. నా మొదటి ప్యాచ్‌ని పదకొండుసార్లు వెనక్కి పంపారు గుర్తుందా? పదోసారి ఒక్క కామా కోసం పంపారు. ఇంటికెళ్ళి ఏడ్చాను. కానీ మా అమ్మకి ఫోన్ చేసి గొప్పగా చెప్పుకున్నాను, నేను పనిచేసే చోట కామా కూడా అబద్ధం ఆడకూడదు అని. ఇప్పుడు మీరే ఆ వరస తియ్యమంటే, నేను ఎవరి గురించి గొప్ప చెప్పుకోవాలి?”

వెండెలీన్ ఈసారి పక్కకి తిరిగి, అవసరం లేకపోయినా, రెండో బాన తుడవడం మొదలుపెట్టాడు.

ఒటాకర్ పొయ్యి వైపు తిరిగాడు. తర్వాత, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు చెప్పాడు.

“మీరు రెండు తప్పులన్నారు. మొదటిది తప్పే. రెండోది తప్పు కాదు, బెలినోవా గారు. రెండోది నేను తెలిసి పెట్టాను.”

క్వేతా అప్పుడు కూర్చుంది.

“స్పీజ్ మూడో విడుదల. అన్నీ సిద్ధం. లెక్కలో తేడా వస్తోంది, ఎక్కడ కారుతోందో దొరకట్లేదు. పన్నెండు రోజులు వెతికాను. విడుదలకి ఒక్క పూట ఉంది. ఫైలు మూసే చోట ఒక్క వరస పెడితే సరిపోతుందని కనిపించింది. పెట్టాను. సరిపోయింది. తర్వాత నిదానంగా వెతుకుదాం అనుకున్నాను.” ఆయన మోకాలు నిమురుకున్నాడు. “ఈలోగా అందరూ చప్పట్లు కొట్టారు.”

“మరి వెతికారా?”

“ప్రతి శీతాకాలం. సెలవుల్లో, ఎవరూ చూడనప్పుడు. దొరకలేదు. ఆ ఫైలు మీద మిమ్మల్ని చెయ్యి వెయ్యనివ్వలేదు చూడండి, మీరు నా మీద మండిపడేవారు. మీరైతే చూస్తారని తెలుసు. ఏప్రిల్లో నేను ఆసుపత్రిలో ఉంటే, నా బదులు ఇంకొకాయన చూసి మీది చేర్చేశారు. మంచం మీద ఆ మెయిలు చదివి రెండు రాత్రులు నిద్రపోలేదు.” కళ్ళజోడు తీశాడు. “మీకు ఎన్నాళ్ళు పట్టింది?”

“పదహారు రోజులు.”

“పదహారు.” ఆ మాటని నోట్లో పెట్టుకుని రుచి చూసినట్టు మళ్ళీ అన్నాడు. “నాకు పదకొండేళ్ళు దొరకనిది.”

క్వేతా బస్సులో ఎన్నో ఊహించుకుని వచ్చింది. ఆయన అరుస్తాడనుకుంది, పొమ్మంటాడనుకుంది. ఆయన మొహంలో ఇప్పుడు కనిపిస్తున్నది మాత్రం ఊహించలేదు. అది గర్వం. తన మీద కాదు, ఎదురుగా కూర్చున్న మనిషి మీద. తొమ్మిదేళ్ళు ఆమె ఎదురుచూసింది దీనికోసమే. తీరా వచ్చేసరికి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ల్యాప్‌టాప్ మూత అంచుని గోకుతూ కూర్చుంది.

ఒటాకర్ లేచాడు. “వెండెలీన్, నా పొయ్యి చూడు.”

“ఏంటీ? నువ్వా? పదిహేనేళ్ళుగా మూత్రానికి వెళ్ళినా దిగిన సారా బుడ్డి చేత పట్టుకెళ్ళేవాడివి కదయ్యా.”

“చూడమన్నానా.”

బట్టీ వెనక గోడ దగ్గర కట్టెల పేర్పు ఉంది. ఊరు మొత్తానికి అక్కడే, ఫోను ఆ పేర్పు పైన పెడితేనే, రెండు గీతల సిగ్నల్ వస్తుంది. ఒటాకర్ ల్యాప్‌టాప్‌ని ఆ కట్టెల మీద పెట్టుకుని, నిలబడే, పదిహేడు వరసల్నీ అరగంట చదివాడు. క్వేతా చలికి చేతులు చంకల్లో పెట్టుకుని పక్కన నిలబడింది. తొమ్మిదో వరస దగ్గర ఆయన ఆగాడు.

“ఈ పేరు బాలేదు. ‘మిగతా’ అంటే దేంట్లో మిగతా?”

“ఆపి పెట్టినదాంట్లో.”

“అయితే అలాగే రాయండి.”

ఆమె రాసింది. ఇంత జరిగాక కూడా కామా వదలడు మహానుభావుడు అనుకుని, వచ్చే నవ్వుని ఆపుకుంది. ఒటాకర్ సరిచూసినవారి వరసలో తన పేరు కొట్టాడు. తర్వాత ఆగి, ఫిక్సెస్ వరస కింద ఇంకో నాలుగు మాటలు చేర్చాడు: ‘ఈ తేడా నాకు పదకొండేళ్ళుగా తెలుసు. సరిచెయ్యకుండా సర్దాను. కనిపెట్టింది క్వేతా బెలినోవా. ఒటాకర్ హనాక్.’ ఆమెకి చూపించలేదు. చదవమనలేదు. నలభై మందికి, ఏడు దేశాలకి, ఒక్క మీట నొక్కి పంపేశాడు. భాండాగారానికి కూడా.

అప్పటికి రెండు కావడానికి పది నిమిషాలుంది. లోపల నుంచి వెండెలీన్ కేకేశాడు, మొదటి చెడ్డ చుక్కలు పారబోశాను, ఇప్పుడు దిగుతున్నది అసలు సరుకు అని. ఒటాకర్ కుంటుకుంటూ లోపలికి వెళ్ళి రెండు చిన్న గ్లాసులతో తిరిగొచ్చాడు. వెనకే వెండెలీన్.

“కార్లో వచ్చావు హనాక్, గుర్తుందా? చుక్క గొంతు దిగిందంటే స్టీరింగ్ ముట్టుకోకూడదు. నా బట్టీ నుంచి తాగి బండెక్కాడని పోలీసులు రాస్తే నాకు మర్యాదగా ఉండదు.”

“సాయంత్రం బస్సుంది కదా. ఆవిడతో పాటు పోతాను.” ఒటాకర్ ఒక గ్లాసు క్వేతా చేతిలో పెట్టాడు. ఇంకా వెచ్చగా ఉంది. తన గ్లాసు ఎత్తాడు. “నా పేరు ఒటా. ఇంట్లోవాళ్ళు అలాగే పిలుస్తారు.”

ఆమెకి అర్థమయ్యేసరికి ఒక క్షణం పట్టింది. “నేను క్వేతా.”

“తెలుసు. నువ్వు తొమ్మిదేళ్ళ నుంచి క్వేతావే. నేనే ఆలస్యం చేశాను.”

గ్లాసు గ్లాసుకి తగిలించి ఒక్క గుక్కలో తాగేశారు. గొంతు నుంచి కడుపు దాకా మండింది. కళ్ళలో నీళ్ళు దానివల్లే అని క్వేతా అందరికీ చెప్పుకోవచ్చు. “ఒటా,” అంది, ఎలా ఉంటుందో చూద్దామన్నట్టు. “నువ్వు ఆ కామా కోసం నన్ను ఏడిపించావు.”

“ఆ కామా ఇప్పటికీ తప్పే.”

ఈ కథ ఇక్కడ ఆపేస్తే ఎంత బావుణ్ణు. కానీ కట్టెల మీద పెట్టిన క్వేతా ఫోను మోగింది, గంట రెండున్నర.

బ్లాజెనా. స్పీకరు పెట్టారు. “పెట్టాం మీ కొత్తది. మూడో వంతు వెనక్కొచ్చింది, కళ్ళారా చూశాను. ఇక్కడ మావాళ్ళు ఒకళ్ళనొకళ్ళు కౌగిలించుకుంటున్నారు.” క్వేతా ఒటాకర్ వైపు చూసింది. ఆయన తల ఎత్తుకుని నిలబడి ఉన్నాడు. “కానీ ఒకటి అడగాలి. మొత్తం మళ్ళీ ఎంచి చూడమని చెప్పా. నూట నలభై కోట్ల బ్లాకులు. అన్నీ సరిపోయాయి. ఒక్కటి తప్ప.”

“ఎన్ని?” అంది క్వేతా.

“ఒకటి. ఒకే ఒక్క బ్లాకు. ఆపి పెట్టి ఉంది, ఎవరిదో తెలియదు.”

ఒక్క బ్లాకంటే నాలుగు వేల అక్షరాల చోటు. ఈ పత్రికలో ఒక పేజీ. నూట నలభై కోట్లలో ఒకటి. క్వేతా తన ల్యాప్‌టాప్‌లో ఉన్న స్పీజ్ మీద ఒక్కొక్కటీ చేసి చూడటం మొదలుపెట్టింది. రాస్తూ మధ్యలో ఆపింది, సరిగ్గానే ఉంది. రాసి చెరిపింది, సరిగ్గానే ఉంది. చివరికి ఒక ఫైలుకి పేరు పెట్టి, లోపల ఏమీ రాయకుండా మూసేసింది. చోటు ఒక బ్లాకు తగ్గింది. ఇంకోసారి చేసింది. ఇంకొకటి తగ్గింది.

ఏప్రిల్‌కి ముందున్న స్పీజ్‌లో చేసి చూసింది. తగ్గలేదు.

తను చేసిన మార్పుని తెరిచి చూసుకుంది. ఏప్రిల్. ఒటాకర్ పెట్టిన సర్దుబాటు వరసని తను తీసేసినప్పుడు ఆ పక్కనున్న ఇంకో వరసని కూడా తీసేసింది. ఖాళీ ఫైలు కోసం ఆపిన ఒక్క బ్లాకునీ వదిలేది ఆ వరసే. అది కూడా అదే కోవలోదనుకుంది. ఖాళీ ఫైలుతో పరీక్ష పెట్టాలని తట్టనే లేదు. ఏమీ రాయనివాడు ఫైలెందుకు తెరుస్తాడు?

గంట క్రితం ఒక పెద్దమనిషిని కూర్చోబెట్టి ఏమేం అంది తను?

ఒటాకర్ ఆమె భుజం మీదుగా తెర చూశాడు. ఆయనకి చెప్పక్కర్లేదు. వెండెలీన్ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు.

“ఒక్కటే,” అన్నాడు ఒటాకర్ మెల్లగా, ఫోనుకి వినపడకుండా. “నేనేమీ అనను. నీ ఇష్టం.”

అది జాలో, పరీక్షో ఆమెకి తెలియలేదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. తీసేసిన వరసని మళ్ళీ పెట్టింది. కింద ఫిక్సెస్ అని రాసి, పన్నెండు అక్షరాలూ కొట్టింది. చూసి రాయాల్సిన పని లేదు. తన మార్పుల్లోకెల్లా తనకి ఇష్టమైన దాని గుర్తు అది, ఎప్పుడో కంఠతా వచ్చింది.

“బ్లాజెనా గారూ,” అంది. గొంతు ఈసారి వణకలేదు. “ఆ ఒక్కటీ నా తప్పు. ఏప్రిల్లో చేశాను. నా పేరు మీదే పంపిస్తున్నాను, అయిదు నిమిషాల్లో అందుతుంది. ఎవరో ఖాళీ ఫైలు తెరిచి మూసేశారు, అంతే.”

ఒటాకర్ చెయ్యి ఆమె వీపు మీద ఒకసారి ఆనింది.

అవతల నుంచి బ్లాజెనా గొంతు వచ్చింది, ఇందాకటి గొంతు కాదు. “ఖాళీ ఫైలా? మా దగ్గర ఖాళీ ఫైలు ఉండదమ్మా. స్కానరు రీలు పెట్టగానే పేరు రాస్తుంది, ఆపైన సినిమా రాస్తుంది. ఖాళీ ఎలా ఉంటుంది?”

క్వేతా ఫోను మీదికి వంగింది. “డిస్కు మొదటిసారి నిండిందన్న రోజు. పేరు రాసింది. సినిమా రాయబోతే చోటు లేదంది. మూసేసింది.”

“కానీ ఆ రోజు రీళ్ళన్నిటికీ స్కాన్ అయిపోయిందని టిక్కు పడింది,” అంది బ్లాజెనా. కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. “పేరు దొరికింది. ‘వానలో ద్రాక్షకోత’, పంతొమ్మిది వందల ముప్ఫై ఒకటి. ప్రపంచంలో ఇంకో ప్రతి లేదు దానికి.”

“రీలు ఉంది కదా? మళ్ళీ స్కాన్ చెయ్యండి,” అంది క్వేతా.

“కుళ్ళిపోయిన పాత రీళ్ళు, నిప్పంటుకునే రకం. టిక్కు పడ్డాక దాచకూడదు. ఇవాళ పొద్దున్నే లారీ ఎక్కించేశాం. నాలుగింటికి రీళ్ళు కాల్చే యార్డులో కాల్చేస్తారు.”

“డ్రైవరుకి ఫోన్ చెయ్యండి,” అన్నాడు ఒటాకర్.

“చేయిస్తూనే ఉన్నాను. ఎత్తట్లేదు. ఆ యార్డు గేటు దగ్గర కూడా ఎవరూ ఎత్తట్లేదు. మీరు ఎక్కడున్నారు, లిపోవాలోనా? ఆ యార్డు మీకు ఇరవై కిలోమీటర్లే. ఇక్కణ్ణుంచి మాకు రెండు గంటలు పడుతుంది. మీలో ఎవరికైనా కారుందా?”

ఒటాకర్ చెయ్యి అప్పటికే జేబులోకి వెళ్ళి తాళంచెవి పట్టుకుంది. బయటికి తీసి, ఆగిపోయాడు. క్వేతా ఆయన చూపు వెంట చూసింది. కట్టెల మీద, ఫోను పక్కనే, రెండు చిన్న గ్లాసులున్నాయి, రెండూ ఖాళీవే. వెండెలీన్ ఇవాళ చుక్క ముట్టలేదు. కానీ లోపల రెండు బానల కిందా నిప్పు మండుతోంది.